మూడోసారి ముంచిన అద్దాలు

మార్చి 3, సోమవారం

అమ్మాయికి నిద్ర పట్టక ఇది నాలుగో వారం. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గోడకేసి చూస్తుంది. గోడ మీద ఏమీ లేదు. నేనూ చూశాను.

పగలంతా ప్రెస్సులో కంప్యూటరు ముందు పేజీలు సరిచూడటం, మెషిను మీంచి దిగిన షీటు రంగు కుదిరిందో లేదో చూసి సంతకం పెట్టడం, ఇంటికొచ్చాక మళ్ళీ ఫోను. కళ్ళు మంట అంటుంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఊరందరి కళ్ళకీ అద్దాలు బిగిస్తున్నవాణ్ణి. దీపం కిందే చీకటని ఊరికే అనలేదు.

రేపు ఒక జత చేస్తాను.

మార్చి 5, బుధవారం

నీలి వెలుతురును ఆపే అద్దాలు చేశాను. పవరు ఆమెదే. పూత లేని ప్లాస్టిక్ అద్దాన్ని వేడి రంగునీళ్ళ గిన్నెలో నిమిషం సేపు ముంచితే చాలు, గ్లాసుడు నీళ్ళలో తేనెచుక్క వేసినంత రంగు పడుతుంది.

కంపెనీవాళ్ళు పూతవేసి పంపేవి కూడా దుకాణంలో ఉన్నాయి. వాటితో పాటు ఒక పెన్నులైటు ఇచ్చారు. నొక్కితే కార్డు మీద ఊదారంగు చుక్క పడుతుంది. మధ్యలో అద్దం అడ్డం పెడితే చుక్క మాయం. వచ్చినవాడు "అబ్బ!" అంటాడు. నేను గంభీరంగా తలూపుతాను. ఆ పెన్నులో వెలుతురు వేరు, కంప్యూటరు తెరలో వెలుతురు వేరు అని నాకు తెలుసు. బడిలో ఏడో తరగతి గడప దాటలేదు గాని, వెలుతురు మీద పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ప్రతి పుస్తకం చదివాను, ఒకటి రెండు చివరి పేజీలు లేనివి కూడా. (అందుకే నాకు కొన్ని విషయాల ముగింపు తెలియదు.) కొనేవాడు అడగడు, నేను చెప్పను. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదన్న నమ్మకం మీదే నా దుకాణం నిలబడింది.

అమ్మాయి పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"రంగుందా నాన్నా? నాది రంగులు చూసే ఉద్యోగం."

"ఉండీ లేనట్టు. సాయంత్రం నుంచి పెట్టుకో. షీటు చూసేటప్పుడు మాత్రం నీ పాతవే."

సరేనంది. ఈ మాట నేను చెప్పాను. అది ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మార్చి 9, ఆదివారం

లాభం లేదట. మా ఆవిడ నవ్వింది.

"ఊరందరికీ నిద్ర అమ్ముతారు గాని, సొంత కూతురికి కునుకు ఇవ్వలేకపోయారు."

"నాలుగు రోజులకే తేలిపోతుందా?"

"తేలకపోతే మళ్ళీ ముంచండి. మీకు తెలిసిన విద్య అదొక్కటేగా."

ఎగతాళికే అంది. పెళ్ళయిన కొత్తలో ఈవిడ మాటలకు నేను కోపగించుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తాను. అది ఇంకా ప్రమాదం.

సాయంత్రం అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు అద్దాలు తీసుకుని దుకాణానికి నడిచాను. రెండో ముంచు. నిమిషమున్నర. తిరిగొచ్చేసరికి "నా కళ్ళద్దాలేవీ?" అని వెతుకుతోంది.

"కడిగి తెచ్చాను."

అబద్ధం కాదు. ముంచాక కడుగుతాం.

మార్చి 14, శుక్రవారం

అమ్మాయి పాత కళ్ళద్దాల కాడ ఊడింది. బిగించమని ఇచ్చింది. చిన్న మర, రెండు నిమిషాల పని. ఇంట్లోనే నా సొరుగులో పెట్టాను.

"అప్పటిదాకా ఇవే పెట్టుకోనా ప్రెస్సుకి?"

"పెట్టుకో. కళ్ళకి హాయి కదా."

రోజంతా పెట్టుకుంటే గాని గుణం తెలియదని నాకు అనిపించింది. వైద్యుడెవడైనా ఇలాగే అంటాడు. నేను వైద్యుణ్ణి కాను.

మార్చి 20, గురువారం

నిన్న మూడోసారి. ఈసారి మూడు నిమిషాలు. ఇవాళ పొద్దున అమ్మాయి ఏడున్నరకు గాని లేవలేదు! టీ తాగుతూ నావైపే చూసింది, గోడవైపు కాదు.

"భలే పనిచేస్తున్నాయి నాన్నా. తెర చూస్తే కళ్ళల్లో గుచ్చుకోవడం లేదు. వెలుతురంతా మెత్తగా ఉంది."

మా ఆవిడ వంటింట్లోంచి, "కళ్ళద్దాలు కాదు, తొమ్మిదింటికల్లా ఫోను లాక్కుని గిన్నెల మధ్య దాచాను. అందుకే పడుకుంది," అంది.

"రెండూ అనుకోరాదా?"

"ఎందుకనుకోవాలి? గిన్నెల మధ్య దాచింది నేను."

నేను నా టీ పూర్తిచేశాను. గెలిచినవాడు వాదించడు.

ఒకటి మాత్రం గమనించాను. అద్దాల రంగు ఎంత ముదిరినా అమ్మాయికి తెలియలేదు. కన్ను సర్దుకుంటుంది. కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత కట్టినవాడికి కామెర్లు వచ్చి ఉండవు. లోకమంతా పచ్చబడ్డాక పచ్చ ఎక్కడ కనపడుతుంది? అదే తెలుపు అవుతుంది. ఈ ముక్క ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి వీల్లేదు.

మార్చి 27, గురువారం

నిద్ర. హాయి. ఇంట్లో అందరికీ.

ఏప్రిల్ 2, బుధవారం

అమ్మాయి సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

పసిపిల్లల సబ్బుకి అట్టపెట్టెలు వేశారు, అరవై వేలు. తెల్లటి అట్ట, నీలం అక్షరాలు, మూలన చిన్న పసుపు బాతుపిల్ల. సబ్బు కంపెనీవాళ్ళు మొత్తం తిప్పి పంపారు. తెలుపు తెల్లగా లేదట. పెట్టె మొత్తం మీద పలచగా పసుపు పాకిందట. "పుట్టిన బిడ్డకి కొనే సబ్బు పాత సామాను కొట్లోంచి తెచ్చినట్టుంది," అన్నారట.

అచ్చు లేని చోట సిరా అంటకుండా మెషినులో నీళ్ళు ఆపుతాయి; అవి తగ్గితే సిరా తెల్లచోటుకి పాకుతుంది. అప్పుడప్పుడూ జరిగేదే. జరిగితే పట్టుకోవడానికే అమ్మాయి ఉంది. మెషినాయన మొదటి షీటు తెచ్చి చూపించడం, ఈమె చూసి సంతకం పెట్టడం. సంతకం పెట్టిన షీటు మెషిను పక్కనే ఉంచాలి. అది ఇప్పుడు కనపడటం లేదు. చెత్తకాగితాల్లో కలిసిపోయి ఉంటుంది.

"నేను సంతకం పెట్టింది తెల్లటి షీటే నాన్నా. బాబాయేమో, 'అమ్మాయ్, నాకు కొంచెం పసుపు అనిపించింది, నిన్నడిగాను, తెలుపే అన్నావు' అంటాడు. ఓనరు నా మాటే నమ్మాడు. సంతకం అయ్యాక నీళ్ళు తగ్గి ఉంటాయని, అది గమనించక, షీటు కూడా మాయం చేశాడని అంటున్నాడు. బాబాయిని పనిలోకి రావద్దన్నాడు."

బాబాయి అంటే ఆ మెషినాయనే. ప్రెస్సులో చేరిన కొత్తలో ఈమెకి రంగు చూడటం నేర్పింది అతనే. ఇరవై ఆరేళ్ళుగా ఆ మెషిను మీద ఉన్నాడు.

చెప్పులు విప్పుతూ మెల్లగా అంది. "ఇంకో సంగతి నాన్నా. గోదాములో తిప్పి పంపిన పెట్టెలు చూపించారు. అందరూ పసుపు, పసుపు అంటుంటే నేనూ అవునన్నాను. నాకంతగా కనపడలేదు. కంగారులో ఉన్నానేమో."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే నా కళ్ళద్దాల మీదికి పోయింది.

"కంగారే అయ్యుంటుంది," అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

మెషిను మీద నీళ్ళు తగ్గించింది నేను కాదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

న్యాయంగా చూద్దాం. నీళ్ళు తగ్గడం మెషినాయన పొరపాటు. షీటు దాచకపోవడం ప్రెస్సు పొరపాటు. షీటు దగ్గర పాత కళ్ళద్దాలే పెట్టుకోమని నేను చెప్పాను, మార్చి 5న రాసే ఉంది. తిలాపాపం తలా పిడికెడు.

పాత కళ్ళద్దాలు నా సొరుగులో ఉన్నాయి. ఆ మాట మార్చి 14న ఉంది. డైరీ రాయడంలో ఇదే చిక్కు. మనకి కావలసిన పేజీ ఒక్కటే ఉండదు.

ఇప్పుడు చెబితే అమ్మాయి ఉద్యోగం పోతుంది. రంగు చూసే మనిషి రంగుటద్దాలతో చూసిందంటే ఇంక ఏ ప్రెస్సూ గుమ్మం ఎక్కనివ్వదు. చెప్పకపోతే మెషినాయనది పోతుంది. అతనికి యాభై ఆరో, యాభై ఏడో. అమ్మాయిది చిన్న వయసు, ఎక్కడైనా... లేదు. ఈ వాక్యం ఎటు పోతుందో తెలిసి ఆపేశాను.

ఏప్రిల్ 5, శనివారం

మెషినాయన దుకాణానికి వచ్చాడు. చేతిగోళ్ళలో ఎప్పుడూ ఉండే సిరా లేదు. మూడు రోజుల ఖాళీకి చేతులు తెల్లబడ్డాయి.

"అన్నయ్యా, కళ్ళు చూడు. ఓనరు కాగితం తెమ్మన్నాడు."

"ఏమని రాయాలి?"

"అదే తమాషా. కళ్ళు బాగున్నాయని రాస్తే నేను దొంగని. బాగోలేవని రాస్తే గుడ్డివాణ్ణి. ఏది రాసినా నీ దయ." నవ్వాడు. అతనికి పళ్ళతో నవ్వడం అలవాటు, ఇవాళ పెదాలతో నవ్వాడు.

కుర్చీలో కూర్చోబెట్టాను. అక్షరాల పలక చివరి వరస దాకా గడగడా చదివాడు. కింద అచ్చువేసినవాళ్ళ పేరు కూడా చదివి, "అచ్చు బాగోలేదు, నలుపు పలచబడింది," అన్నాడు. రంగుచుక్కల పుస్తకం తీశాను. ప్రతి పేజీలో అంకె చెప్పాడు. చివరికి దుకాణంలో ఉన్న తెల్లకాగితాలు నాలుగు పక్కపక్కన పెట్టి, "వీటిలో ఏది పసుపు?" అన్నాను.

"నాలుగూ పసుపే అన్నయ్యా. మూడోది కొంచెం ఎక్కువ. నీ దుకాణంలో ఎండ తగిలే చోట పెట్టావు."

నా నలభై ఒక్క ఏళ్ళ పనిలో అలాంటి కళ్ళు చూడలేదు.

లేచి నిలబడి, నిదానంగా అడిగాడు. "ఆ రోజు షీటు చేతిలో పట్టుకున్నప్పుడు పసుపు అనిపించింది. అమ్మాయి తెలుపంది. ఆ పిల్ల కన్ను నా కన్నుకంటే పడుచుది కదా, నాదే తప్పనుకుని మెషిను తిప్పేశాను. మూడు రోజులుగా ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నాను, ఇది తెలుపేనా, ఇది తెలుపేనా అని. నిజం చెప్పు. నా కళ్ళు పోతున్నాయా?"

"వయసు మీద పడ్డాక కంట్లో ఉండే అద్దం కొంచెం పచ్చబడుతుంది," అన్నాను. "అందరికీ వచ్చేదే."

"అయితే పోతున్నాయన్నమాట."

"అలా అని కాదు. సోమవారం రా. ఇంకోసారి చూసి రాస్తాను."

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. అతను గుమ్మం దిగుతూ మెట్టుని కాలితో తడిమి చూసుకున్నాడు. వచ్చేటప్పుడు అలా చూసుకోలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

దుకాణం మూత.

ఏప్రిల్ 7, సోమవారం

అమ్మాయికి ఇవాళ సెలవు. పొద్దున్నే "కడిగి తెస్తాను" అని కళ్ళద్దాలు తీసుకుని బయల్దేరాను. అడిగి తీసుకోవడం ఇదే మొదటిసారి. అడిగి తీసుకున్నది దేనికంటే, ఆనవాలు లేకుండా చేయడానికి.

ముంచిన రంగుని దింపే ద్రావణం ఒకటి ఉంటుంది. ఎవరికైనా రంగు ముదిరితే అందులో వేడిచేసి తీస్తాం. షట్టరు కింద జానెడు సందు వదిలి దించి, గిన్నె పొయ్యి మీద పెట్టి, అద్దాలు వేశాను. రంగు పోగలా లేచి నీళ్ళలో కలిసిపోతోంది. మూడు ముంచుల రంగు. ఇంత పట్టించానా అనుకున్నాను.

అప్పుడు షట్టరు మీద చప్పుడు.

"అన్నయ్యా."

పట్టకారు చప్పుడు కాకుండా కింద పెట్టాను.

"అన్నయ్యా, లోపలున్నావా? కాగితం..."

షట్టరు కింద సందులోంచి అతని చెప్పులు కనపడుతున్నాయి. నా చెప్పులు అతనికి కనపడతాయేమోనని కాళ్ళు స్టూలు మీదికి ఎత్తుకున్నాను. డెబ్బై ఏళ్ళ వయసులో, స్టూలు మీద కోడిపెట్టలా, గిన్నెలో అద్దాలు పొదుగుతూ. చెప్పులు చాలాసేపు ఉన్నాయి. తర్వాత వెళ్ళిపోయాయి.

అద్దాలు నీళ్ళంత తెల్లగా వచ్చాయి. పని బాగా చేశాను. రాత్రి అమ్మాయి పడుకున్నాక తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇదంతా వరసగా రాయాలి. వంకలు వద్దు.

పొద్దున అమ్మాయి కళ్ళద్దాలు పెట్టుకుని, "అబ్బ! ఇల్లంతా సున్నం వేయించినట్టుందేం నాన్నా! ఇంత మురికిగా ఉన్నాయా?" అంది.

"ఆఁ."

ప్రెస్సుకి బయల్దేరుతూ సంచి సర్దుకుంది. తిప్పి పంపిన పెట్టెల్లోంచి ఒకటి తెచ్చుకుని జడపిన్నులు వేసుకుంటోందట. నాకు తెలియదు. తెలిసి ఉంటే దాన్ని కూడా మాయం చేసేవాణ్ణి. ఇది కూడా రాయాలి.

పెట్టె తీసింది. ఆగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. బల్ల మీది తెల్లకాగితం పక్కన పెట్టింది.

"నాన్నా, ఇది పసుపు."

నేను చెప్పులు తొడుక్కుంటున్నాను. తొడుక్కుంటూనే ఉన్నాను.

"రోజూ చూస్తున్నాను దీన్ని. నిన్న మొన్నటిదాకా తెల్లగానే ఉంది. ఇంత పసుపు నాకెలా కనపడలేదు? నా కళ్ళకేమైంది?"

ఆ మాట వినడం నాకు నాలుగు రోజుల్లో ఇది రెండోసారి. రెండు జతల మంచి కళ్ళు, రెండింటికీ అనుమానం అంటగట్టింది ఒకే చెయ్యి. ఈసారి నోట్లోంచి పుస్తకం రాలేదు.

"నీ కళ్ళు బాగున్నాయి. అద్దాలకి రంగు ముంచాను."

"తెలుసుగా. ఉండీ లేనట్టు అన్నావు."

"తర్వాత మళ్ళీ ముంచాను. నీకు చెప్పకుండా."

"ఎన్నిసార్లు?"

"మొత్తం మూడు."

"నేనడిగినప్పుడల్లా ఏమన్నావు?"

"కడిగానన్నాను."

"మరి నిన్న?"

"నిన్న తీసేశాను."

లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలించింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడింది. ఆవిడ ఏమైనా అంటుందని చూశాను. అనలేదు. యాభై ఏళ్ళలో ఆవిడ ఏమీ అనకపోవడం నాకు గుర్తులేదు.

"బాబాయి నన్ను అడిగాడు నాన్నా," అంది అమ్మాయి. "'పసుపు అనిపిస్తోంది, చూడమ్మాయ్' అని. నేను నవ్వి, 'ముసలాడివైపోతున్నావు బాబాయ్' అన్నాను."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పవరు లేకుండా ఆమెకి మెట్లు కూడా సరిగా కనపడవు. అలాగే గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. నేను సొరుగులోంచి పాత జత తెచ్చి, మర బిగించి, పరుగున వెళ్ళేసరికి బస్సెక్కేసింది.

రెండు నిమిషాల పని. నిజంగానే రెండు నిమిషాలే పట్టింది.

ఏప్రిల్ 9, బుధవారం

ఓనరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. నేను చెబుతానన్నాను. "నా సంతకం, నేనే చెబుతాను" అంది. అంతా చెప్పింది. తండ్రి మీద నెపం వేసినట్టు ఒక్క మాట రాకుండా చెప్పింది. మధ్యలో నేను, "తప్పు నాదండీ," అన్నాను.

ఓనరు నావైపు తిరిగి, "అంటే పెద్దాయనా, మా ప్రెస్సులో రంగు చూస్తోంది ఇన్నాళ్ళూ మీరన్నమాట," అన్నాడు.

అమ్మాయి ఇక పేజీలు మాత్రమే చూడాలి. షీట్లకి సంతకం లేదు. పనిలో ఉంచాడు, అదే గొప్ప. మెషినాయనకి కబురు పంపారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కసారి మాత్రం అడిగింది.

"ఆ రెండు వారాలూ నిజంగా నిద్రపోయాను నాన్నా. అది కూడా నువ్వు చేసిందేనా?"

"తెలియదమ్మా."

ఈ డైరీలో నేను చెప్పిన నిజాల్లో అంత పూర్తి నిజం ఇంకోటి లేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

మెషినాయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో సైకిలు చైను తుడుస్తున్నాడు. స్టూలు వేశాడు. కూర్చోలేదు.

"నీ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. శనివారమే తెలుసు నాకు. కాగితం రాసి తెచ్చాను."

తీసుకున్నాడు. చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మాయి నిన్న వచ్చి చెప్పింది. కాళ్ళు పట్టుకోబోతే కసిరాను. అన్నయ్యా, రంగు ముంచడం నాకు అర్థమైంది. పిల్లకి నిద్ర లేదు, తండ్రివి, ఏదో చేశావు. నేనైనా చేసేవాణ్ణేమో. కానీ శనివారం నాడు, నేను నీ ఎదురుగా నిలబడి నా కళ్ళు పోతున్నాయా అని అడిగినప్పుడు... అప్పుడు చెప్పింది ఎవరి కోసం?"

చెప్పడానికి చాలా సంగతులు తయారుచేసుకుని వెళ్ళాను. దారంతా వల్లెవేసుకున్నాను. ఒక్కటీ ఆ ప్రశ్నకి పనికొచ్చేది కాదు.

"సోమవారం వచ్చినప్పుడు లోపలే ఉన్నావు కదూ? పొయ్యి చప్పుడు వినపడింది."

మళ్ళీ చైను తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

ఏప్రిల్ 17, గురువారం

అమ్మాయి వాళ్ళమ్మతో చెబుతుంటే విన్నాను. మెషినాయన ఇప్పుడు ప్రతి షీటూ చేత్తో పట్టుకుని కటింగు వాళ్ళ దగ్గరికి, గోదాము వాళ్ళ దగ్గరికి, చివరికి గేటు దగ్గర కాపలావాడి దగ్గరికి కూడా తీసుకెళ్ళి, "ఇది తెలుపేనా చూడండి" అని అడుగుతున్నాడట. తెలుపేనంటే, "సరిగ్గా చూశారా?" అంటాడట. పని సగానికి సగం మందగించింది. కుర్రాళ్ళు నవ్వుకుంటున్నారు. ఓనరు ఎన్నాళ్ళు ఊరుకుంటాడో తెలియదు.

నేను రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంటుందట. ఎవరికీ చూపించడట.

ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మాయి కొత్త కళ్ళద్దాలతో వచ్చింది. ఎక్కడ చేయించావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తెల్ల అద్దాలు. పని శుభ్రంగా ఉంది. కాకపోతే ముక్కు దగ్గర కొంచెం వదులు, మాటిమాటికీ వేలితో పైకి తోసుకుంటోంది. వేరేవాడు బిగించిన కళ్ళద్దాలను నా కూతురు ముక్కు మీద చూడటం ఇదే మొదటిసారి. మూడో తరగతిలో మొదటి జత పెట్టినప్పటినుంచీ నేనే.

మధ్యాహ్నం దాకా చూసి, ఇంక ఆగలేక, "జారుతున్నట్టున్నాయి," అన్నాను.

అమ్మాయి వేలితో మళ్ళీ పైకి తోసుకుంది. కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. దుకాణానికి తీసుకెళ్దామని లేచాను.

"ఇక్కడే చెయ్యి నాన్నా," అంది.

పట్టకారు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అద్దాలు లేని కళ్ళు చికిలించి, దగ్గరగా ముందుకు వంగి, పని అయ్యేదాకా నా చేతుల్నే చూస్తూ ఉంది.